పాత ట్యాబ్‌కు కొత్త సాఫ్ట్‌వేర్: ఆ ఖర్చు ఎవరు భరించాలి?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. సర్ఫేస్ ప్రో 4 వంటి ట్యాబ్‌లెట్లు వాడుతున్నవారిపై దాని ప్రభావం సూటిగా పడింది. 2015లో మార్కెట్లోకి వచ్చిన ఆ ట్యాబ్ తెర, బ్యాటరీ, కీబోర్డు ఇప్పటికీ సక్రమంగా పనిచేస్తున్నా, అందులోని ప్రాసెసర్ విండోస్ 11 అర్హుల జాబితాలో లేదు కనుక కొత్త వెర్షన్‌కు అధికారికంగా మారే దారి మూసుకుపోయింది. 2018లో వచ్చిన తొలి తరం సర్ఫేస్ గో పరిస్థితీ అంతే. ఇక వారికి మిగిలిన మార్గం భద్రతా లోపాల సవరణలను మరో ఏడాది పాటు, అంటే 2026 అక్టోబర్ 13 వరకు, అందించే పొడిగింపు పథకంలో చేరడం. దాని ధర 30 డాలర్లు. డబ్బు కట్టడం ఇష్టం లేనివారు తమ సెట్టింగులను మైక్రోసాఫ్ట్ ఖాతా ద్వారా క్లౌడ్‌లో భద్రపరచడానికి ఒప్పుకున్నా, లేదా కంపెనీ రివార్డు పాయింట్లు 1000 వెచ్చించినా అదే సేవ ఉచితంగా దొరుకుతుంది. యూరోపియన్ ఎకనామిక్ ఏరియా దేశాల్లో నివసించేవారికైతే, అక్కడి వినియోగదారుల సంఘాలు గట్టిగా పట్టుబట్టిన తర్వాత, ఆ షరతులు కూడా తొలగిపోయాయి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి ఉంటే సరిపోతుంది.

ఒకే ట్యాబ్, ఒకే లోపం, దానికి ఒకే సవరణ. అయినా ఒక దేశంలో డబ్బో, వ్యక్తిగత సమాచారమో ఇవ్వాలి, మరో దేశంలో అది ఉచితం. సవరణ తయారు చేయడానికి కంపెనీకి అయ్యే ఖర్చు కొనుగోలుదారు చిరునామాను బట్టి మారదు కదా. మారేదల్లా ఆ దేశపు చట్టం ఎంత బలంగా ఉంది, అక్కడి వినియోగదారులు ఎంత సంఘటితంగా ఉన్నారు అన్నదే. పాత ట్యాబ్‌లకు సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ కావాలంటే వినియోగదారులు డబ్బు చెల్లించాలా అన్న ప్రశ్నను కేవలం కంపెనీ ఖర్చు లెక్కగా చూస్తే సరైన జవాబు దొరకకపోవడానికి కారణం ఇదే.

ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. 2008 జనవరిలో యాపిల్ సంస్థ ఐపాడ్ టచ్ (ఫోన్ సౌకర్యం లేని, ఐఫోన్‌ను పోలిన పరికరం) యజమానులకు మెయిల్, మ్యాప్స్, నోట్స్ వంటి ఐదు అప్లికేషన్లను 20 డాలర్లకు అమ్మింది. ఆ పరికరపు సాఫ్ట్‌వేర్‌లో అదే ఏడాది జులైలో వచ్చిన రెండో వెర్షన్‌కూ, 2009 జూన్‌లో వచ్చిన మూడో వెర్షన్‌కూ 9.95 డాలర్ల చొప్పున వసూలు చేసింది. ఐఫోన్ ఉన్నవారికి మాత్రం ఇవన్నీ ఉచితం. రెండు పరికరాల్లోనూ దాదాపు ఒకే సాఫ్ట్‌వేర్ ఉండగా ఈ వివక్ష ఎందుకంటే, దానికి అమెరికా అకౌంటింగ్ నిబంధనలు కారణమని కంపెనీ చెప్పింది. ఆ వాదనలో పస లేకపోలేదు. ఐఫోన్ అమ్మకపు ఆదాయాన్ని యాపిల్ అమ్మిన రోజునే మొత్తంగా చూపకుండా 24 నెలల మీద విడగొట్టి చూపేది. కాబట్టి ఆ రెండేళ్లలో ఇచ్చే కొత్త సౌకర్యాలు అమ్మకంలో భాగమే అవుతాయి. ఐపాడ్ టచ్ ఆదాయాన్ని మాత్రం అమ్మిన రోజునే పూర్తిగా లెక్కలోకి తీసుకునేది. ఆ తర్వాత చెప్పుకోదగ్గ కొత్త సౌకర్యాన్ని ఊరికే ఇస్తే, వస్తువులో కొంత భాగాన్ని అప్పగించకుండానే మొత్తం ఆదాయం చూపుకున్నట్టు ఆడిటర్లు అభ్యంతరం చెప్పే అవకాశం ఉండేది.

2009 చివరిలో ఆ నిబంధనలు మారాయి. వెంటనే యాపిల్ తన పుస్తకాల్లో ప్రతి ఐఫోన్ అమ్మకం నుంచి 25 డాలర్లను భవిష్యత్తు అప్‌గ్రేడ్ల హక్కు విలువగా పక్కన పెట్టి, దాన్ని 24 నెలల్లో నెమ్మదిగా ఆదాయంగా చూపడం మొదలుపెట్టింది. ఈ చిన్న వివరంలో మొత్తం చర్చకు కావలసిన కీలకం ఉంది. ఉచిత అప్‌గ్రేడ్ అని మనం పిలిచేది నిజానికి ముందే కొన్న అప్‌గ్రేడ్. కొనుగోలుదారు దుకాణంలో కట్టిన ధరలోనే దాని సొమ్ము కలిసి ఉంటుంది, ఆ సంగతి బిల్లు మీద కనిపించదు, అంతే. బిల్లు మీద కనిపించదు కాబట్టే ఎన్నేళ్ల అప్‌గ్రేడ్లకు సొమ్ము కట్టామో కొనుగోలుదారుకు తెలియకుండా పోతుంది, ఎన్నేళ్లకు ఆపేయాలో నిర్ణయించే అధికారం మొత్తంగా కంపెనీ చేతిలో ఉండిపోతుంది.

2010 ఏప్రిల్‌లో తొలి ఐప్యాడ్ వచ్చినప్పుడు దాని లైసెన్సు ఒప్పందంలో ఒక వాక్యం ఉండేది: పరికరంతో వచ్చిన వెర్షన్ తర్వాతి ఒక ప్రధాన వెర్షన్ వరకు అప్‌డేట్లు ఉచితం. ఆపైన వచ్చేవాటికి డబ్బు అడగవచ్చన్నది అందులోని అంతరార్థం. ఆచరణలో యాపిల్ డబ్బు అడగలేదు. 2011లో ఐప్యాడ్ ఆపరేటింగ్ సిస్టమ్ కొత్త వెర్షన్ ఐఓఎస్ 5ను కూడా ఉచితంగానే ఇచ్చింది. కానీ 2012 సెప్టెంబర్‌లో ఐఓఎస్ 6 వచ్చేసరికి తొలి ఐప్యాడ్‌కు అది అందలేదు. 256 ఎంబీ ర్యామ్ ఉన్న ఆ పరికరానికి 2012 మేలో వచ్చిన 5.1.1 వెర్షనే ఆఖరిది. ఆ ట్యాబ్‌ను 2011 మార్చి వరకు దుకాణాల్లో అమ్మారు. అంటే చివరి రోజుల్లో కొన్నవారికి ఏడాదిన్నర తిరక్కుండానే కొత్త వెర్షన్ల దారి మూసుకుపోయిందన్నమాట. డబ్బు కడతామన్నా తీసుకునేవారు లేరు. రుసుము గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతిని మరిచిపోకూడదు: పాత ట్యాబ్ యజమానుల్లో అత్యధికులకు ఎదురయ్యేది బిల్లు కాదు, నిశ్శబ్దం. ఆండ్రాయిడ్ ట్యాబ్ సెట్టింగుల్లో పరికరం గురించి తెలిపే పేజీ తెరిస్తే ఆండ్రాయిడ్ సెక్యూరిటీ ప్యాచ్ లెవెల్ అని ఒక వరుస, దాని కింద చివరి భద్రతా సవరణ (ప్యాచ్) తేదీ కనిపిస్తాయి. ఆ తేదీ ఏడాదిన్నర, రెండేళ్ల కిందటే ఆగిపోయి ఉన్నా, అప్‌డేట్ కోసం వెతికితే మీ సాఫ్ట్‌వేర్ తాజాగానే ఉందని అదే ట్యాబ్ జవాబిస్తుంది. ఈ పరికరానికి ఇచ్చే చివరి అప్‌డేట్ ఇచ్చేశాం అన్న మాట సాధారణంగా ఎక్కడా కనిపించదు.

రుసుము ఉండాలని వాదించేవారి మాటలోనూ న్యాయం ఉంది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయడం సరికాదు. ఒక ఆండ్రాయిడ్ ట్యాబ్‌కు ప్యాచ్ రావడం వెనుక చాలా శ్రమ ఉంటుంది. 2015లో బయటపడిన స్టేజ్‌ఫ్రైట్ లోపం, అంటే ఒక్క వీడియో సందేశంతో పరికరాన్ని లోబరచుకోగల లోపం, గగ్గోలు పుట్టించిన తర్వాత గూగుల్ ప్రతి నెలా భద్రతా సవరణలు ప్రకటించే పద్ధతి ప్రారంభించింది. గూగుల్ ఇచ్చిన సవరణను చిప్ తయారీదారు తన డ్రైవర్లతో, అంటే చిప్‌ను నడిపే ప్రోగ్రామ్‌లతో, సరిపోల్చాలి, ట్యాబ్ తయారీదారు తన సొంత మార్పులతో కలపాలి, వైఫై మోడల్, సిమ్ మోడల్, వేర్వేరు దేశాల మోడళ్ల మీద విడివిడిగా పరీక్షించాలి. ఈ గొలుసులో చిప్ తయారీదారు మద్దతు ఆపేస్తే తతిమ్మావారి పని ఎన్నో రెట్లు కష్టమవుతుంది. 2017లో ఆండ్రాయిడ్ 8తో వచ్చిన ప్రాజెక్ట్ ట్రెబుల్ చిప్‌కు సంబంధించిన భాగాన్ని మిగతా వ్యవస్థ నుంచి విడదీసి ఈ భారాన్ని కొంత తగ్గించింది కానీ తొలగించలేదు. పదివేల రూపాయల ట్యాబ్ మీద మిగిలే లాభం తక్కువ. అమ్మిన తర్వాత ఐదేళ్లపాటు ఇంజనీర్లను దాని మీద కూర్చోబెట్టడం చిన్న కంపెనీకి నిజంగానే బరువు. పైగా రెండేళ్లకోసారి ట్యాబ్ మార్చేవారు కూడా, ఏడేళ్లు వాడుకునేవారి అప్‌గ్రేడ్ల ఖర్చును తమ కొనుగోలు ధరలో మోయాల్సి వస్తుంది. ఎక్కువకాలం వాడుకునేవారే ఆ ఎక్కువకాలపు ఖర్చు భరించడం న్యాయం కాదా అన్నది బలమైన ప్రశ్న. అంతకంటే బలమైనది మరొకటి ఉంది: పాత పరికరాల నుంచి ఏటా కొంత ఆదాయం వస్తుంటే వాటిని బతికించడంలో కంపెనీకి ఆసక్తి పుడుతుంది, ఇప్పుడున్న పద్ధతిలో పాతది ఎంత త్వరగా మూలన పడితే కంపెనీకి అంత లాభం.

అయితే మద్దతు కొనసాగించడం అసాధ్యమన్న మాటకు ఫెయిర్‌ఫోన్ 2 చరిత్ర గట్టి సమాధానం. అది ఫోనే అయినా సమస్య ఒకటే. 2015లో ఆండ్రాయిడ్ 5తో వచ్చిన ఆ ఫోన్‌లోని చిప్‌కు ఆండ్రాయిడ్ 6 తర్వాత తయారీదారు క్వాల్కమ్ మద్దతు నిలిపేసింది. నెదర్లాండ్స్‌కు చెందిన ఈ చిన్న సంస్థ మాత్రం స్వచ్ఛంద ప్రోగ్రామర్ల సహాయం కూడా తీసుకుని ఆండ్రాయిడ్ 10 వరకు లాక్కొచ్చింది, 2023 వరకు సవరణలు ఇచ్చింది, అందుకు వినియోగదారుల నుంచి అదనంగా ఒక్క యూరో అడగలేదు. యాపిల్ కూడా 2013 నాటి ఐప్యాడ్ ఎయిర్‌కు 2023 జనవరిలో 12.5.7 వెర్షన్ ద్వారా ఒక తీవ్రమైన లోపాన్ని సరిదిద్దింది. తొమ్మిదేళ్లు దాటిన ట్యాబ్‌కు సవరణ ఇవ్వడం సాంకేతికంగా సాధ్యమేనని దీంతో రుజువైంది. ఇవ్వకపోవడం ఎక్కువ సందర్భాల్లో అశక్తత కాదు, నిర్ణయం.

ఇక్కడే అప్‌గ్రేడ్ అన్న ఒక్క మాట కింద కలగాపులగమైపోయిన రెండు వేర్వేరు విషయాలను విడదీయాలి. కొత్త రూపం, కొత్త సౌకర్యాలు, ఒకే తెర మీద రెండు అప్లికేషన్లు తెరిచే వీలు, చేతిరాతను గుర్తించే సామర్థ్యం వంటివి ఒక రకం. ట్యాబ్ అమ్మిన రోజునే అందులో దాగి ఉండి తర్వాత ఎప్పుడో బయటపడిన భద్రతా లోపాన్ని పూడ్చడం మరో రకం. మొదటిది కొత్త సరుకు. రెండోది అమ్మిన సరుకులోని తయారీ లోపానికి మరమ్మతు. స్కూటర్ బ్రేకులో తయారీ లోపం బయటపడితే కంపెనీ వాటిని వెనక్కి పిలిపించి డబ్బు తీసుకోకుండా బాగుచేసి ఇవ్వాల్సిందేనని ఎవరైనా ఒప్పుకుంటారు. కొత్త సీటు కవరు ఊరికే ఇవ్వమని ఎవరూ అడగరు. వాహనాల విషయంలో ఈ సూత్రం మన దేశ చట్టంలోనే ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 110ఎ సెక్షన్ ప్రకారం, లోపం వల్ల డ్రైవరుకో, ప్రయాణికులకో, పర్యావరణానికో, రోడ్డు మీద వెళ్లే ఇతరులకో హాని కలిగే అవకాశం ఉంటే వాహనాలను వెనక్కి పిలిపించమని కేంద్ర ప్రభుత్వం ఆదేశించవచ్చు. ఇతరులకు అన్న ఆ మాట ట్యాబ్‌లకూ అక్షరాలా వర్తిస్తుంది. సవరణ అందని ట్యాబ్ దాని యజమానికే కాక, అది కలిసి ఉన్న ఇంటి వైఫైకి, ఆ ఖాతాలోని పరిచయస్తులందరికీ ప్రమాదం తెచ్చిపెడుతుంది. ఒకరు కట్టని రుసుముకు మరొకరు నష్టపోయే చోట, కట్టడమా మానడమా అన్నదాన్ని వ్యక్తిగత ఎంపికగా వదిలేయడం కుదరదు.

భద్రతా సవరణకు ధర పెట్టడంలో ఇంకో చిక్కుంది, అది మరింత లోతైనది. తన లోపానికి తానే మందు అమ్ముకునే అవకాశం ఉన్న సంస్థకు లోపాలు తగ్గించుకోవాలన్న ఒత్తిడి తగ్గుతుంది. పైగా ఆ మందు అమ్మేది లోకంలో ఒకే ఒక్క దుకాణం. చాలా ట్యాబ్‌లలో బూట్‌లోడర్‌కు, అంటే ట్యాబ్ ఆన్ కాగానే ఆపరేటింగ్ సిస్టమ్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్‌కు, తాళం వేసి ఉంటుంది, తయారీదారు డిజిటల్ సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ను ట్యాబ్ స్వీకరించదు. బూట్‌లోడర్ తెరవడానికి వీలున్న మోడళ్లకు లీనియేజ్ ఓఎస్ వంటి ఉచిత ప్రత్యామ్నాయాలు స్వచ్ఛంద కార్యకర్తల కృషితో ఉన్న మాట నిజమే, కానీ వాటిని ఎక్కించిన తర్వాత కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు, కొన్ని వీడియో సేవలు తక్కువ నాణ్యతతోనే నడుస్తాయి. పోటీ లేని చోట నిర్ణయించే ధర మార్కెట్ ధర అనిపించుకోదు. విండోస్ 10 పొడిగింపు ధరలు చూస్తే ఇది అర్థమవుతుంది: వ్యాపార సంస్థలకు తొలి ఏడాది ఒక్కో పరికరానికి 61 డాలర్లు, ఆపై ఏటేటా రెట్టింపు. అంత వేగంగా పెరిగే ధర సేవకయ్యే ఖర్చును రాబట్టుకోవడానికి పెట్టినదిగా కనిపించదు, కొత్త యంత్రాల వైపు నెట్టడానికి పెట్టినదిగా కనిపిస్తుంది.

పాత ట్యాబ్‌లు ఎవరి చేతుల్లో ఉంటాయన్నది కూడా చూడాలి. కొత్త మోడల్ కొన్నవారు పాతదాన్ని పిల్లలకో, ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకో, పనివారి ఇంటికో ఇస్తారు, లేదంటే సెకండ్ హ్యాండ్ దుకాణంలో అమ్మేస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబర్ 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో మొదలైన పంపిణీ కార్యక్రమం ద్వారా ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదో తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు కలిపి 5 లక్షలకు పైగా శాంసంగ్ ట్యాబ్‌లు చేరాయి. మరుసటి ఏడాది అదే తేదీన అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి నుంచి మరో విడత ఇచ్చారు. ఆ పథకం మంచిచెడ్డల మీద రాజకీయ వాదోపవాదాలు ఎలా ఉన్నా, చాలా కుటుంబాలకు ఇంట్లోకి వచ్చిన మొదటి ట్యాబ్ అదే అయి ఉంటుంది. అప్పుడు ఎనిమిదో తరగతి చదివిన పిల్లలు కాలేజీకి వచ్చేసరికి ఆ ట్యాబ్‌కు భద్రతా సవరణలు కావాలంటే ఏడాదికి రెండు మూడు వేలు కట్టమని అడిగితే కట్టేవారు ఎందరుంటారు? కట్టలేని ఇంట్లోని ట్యాబే ప్రమాదంలో పడుతుంది, ఆ ప్రమాదాన్ని తట్టుకునే శక్తి తక్కువ ఉన్నదీ ఆ ఇంటికే. పేదవారి ఖాతాలోంచి సైబర్ మోసగాళ్లు కాజేసిన పదివేలు, ఉన్నవారి ఖాతాలోంచి పోయిన లక్ష కంటే పెద్ద నష్టం. భద్రతకు విడిగా రుసుము పెట్టడం గోరుచుట్టు మీద రోకలిపోటే అవుతుంది.

కొత్త సౌకర్యాల సంగతి వేరు. వాటికి ధర పెడితే తప్పేమీ లేదు. మ్యాక్ కంప్యూటర్ల ఆపరేటింగ్ సిస్టమ్‌ను 2007లో 129 డాలర్లకు, 2009లో 29 డాలర్లకు, 2012లో 19.99 డాలర్లకు యాపిల్ అమ్మింది. 2013లో మావెరిక్స్ అనే వెర్షన్‌తో దాన్ని ఉచితం చేసింది. డబ్బు పెట్టి కొనాల్సి వచ్చినంత కాలం కొనుగోలుదారుకు ఒక సౌలభ్యం ఉండేది: కొత్తది బాగుంటేనే కొనేవారు, లేకుంటే ఉన్నదానితోనే సరిపెట్టుకునేవారు. ఉచితమయ్యాక అప్‌గ్రేడ్ కోరుకున్నా కోరుకోకపోయినా తలుపు తట్టి లోపలికి వచ్చేస్తుంది, వద్దన్నవారికి తెర మీద రోజూ గుర్తు చేస్తూనే ఉంటుంది. పాత ట్యాబ్‌లకు ఇది కొన్నిసార్లు మేలు కంటే కీడే చేసింది. 2012 నాటి నెక్సస్ 7 ట్యాబ్‌కు ఆండ్రాయిడ్ 5 ఇచ్చాక అది బాగా మందగించిందని వాడుకదారులు పెద్ద ఎత్తున ఫిర్యాదు చేశారు. 512 ఎంబీ ర్యామ్ మాత్రమే ఉన్న ఐప్యాడ్ 2 మీద ఐఓఎస్ 9 ఈడ్చుకుంటూ నడిచింది. యాపిల్ పాత వెర్షన్లకు సంతకం చేయడం ఆపేస్తుంది కనుక, ఒకసారి కొత్తదానికి మారినవారు వెనక్కి వెళ్లాలన్నా వెళ్లలేరు. ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ 2018 అక్టోబర్‌లో, ఫోన్ల పనితీరును దెబ్బతీసిన అప్‌డేట్ల విషయంలో యాపిల్‌కు కోటి యూరోలు, శాంసంగ్‌కు 50 లక్షల యూరోలు జరిమానా వేసింది. వినియోగదారులకు తగిన సమాచారం ఇవ్వకుండా, వెనక్కి మారే దారి చూపకుండా అప్‌డేట్లు చేయించుకునేలా చేశారన్నది అక్కడి ప్రధాన ఆరోపణ. కాబట్టి సౌకర్యాల అప్‌గ్రేడ్ విషయంలో ధర కంటే ముఖ్యమైనది కాదనగలిగే హక్కు. కొత్త వెర్షన్ వద్దనుకున్నవారికి పాత వెర్షన్‌కే భద్రతా సవరణలు వస్తూ ఉండాలి. రెండింటినీ ఒకే మూటలో కట్టి, భద్రత కావాలంటే బరువైన కొత్త రూపాన్ని కూడా మోయాల్సిందే అనడం కూడా ఒక రకమైన ధరే. ఈ విభజన కంపెనీలకు తెలియనిది కాదు: 2023 జూన్‌లో వచ్చిన పిక్సెల్ ట్యాబ్‌లెట్‌కు కొత్త వెర్షన్లు 2026 జూన్ వరకు, భద్రతా సవరణలు 2028 జూన్ వరకు అని గూగుల్ విడివిడిగానే హామీ ఇచ్చింది.

రుసుము కట్టినా తీరని సమస్యలు కూడా ఉన్నాయని చెప్పుకోవాలి, ఎందుకంటే డబ్బు కడితే పాత ట్యాబ్ మళ్లీ కొత్తదవుతుందన్న ఆశ చాలామందిలో ఉంటుంది. ట్యాబ్ పాతబడేది చాలాసార్లు ఇతరుల నిర్ణయాల వల్ల. వెబ్‌సైట్ల గుర్తింపు పత్రాలు జారీ చేసే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ వాడుతున్న ఒక మూల సర్టిఫికెట్ (ఆ పత్రాలు నమ్మదగినవని పరికరం నిర్ధారించుకోవడానికి ఆధారం) గడువు 2021 సెప్టెంబర్ 30న ముగిసింది. ఆండ్రాయిడ్ 7.1.1 కంటే పాత పరికరాల్లో కొత్త మూల సర్టిఫికెట్ లేదు. ప్రత్యేక ఏర్పాటుతో వాటికి 2024 వరకు గడువు దొరికింది కానీ, ఆ ఏర్పాటు లేకపోతే ఆ రోజే లెక్కలేనన్ని వెబ్‌సైట్లు వాటిలో తెరుచుకోకుండా పోయేవి. యాప్ తయారీదారులు కూడా తమ యాప్ నడవడానికి కావలసిన కనీస ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్‌ను కాలక్రమంలో పెంచుకుంటూ పోతారు. కాబట్టి పొడిగింపు రుసుము అడిగే కంపెనీ ఏమి అమ్ముతోందో స్పష్టంగా చెప్పాలి: లోపాల సవరణా, సర్టిఫికెట్ల నవీకరణ కూడానా, బ్రౌజర్ కొత్త వెర్షన్ వస్తుందా రాదా. ఇవి చెప్పకుండా తీసుకునే డబ్బు బీమా పత్రం చూపకుండా తీసుకునే ప్రీమియంతో సమానం.

చట్టాల విషయంలో యూరప్ ఒక అడుగు ముందుంది. స్మార్ట్‌ఫోన్లు, ట్యాబ్‌లెట్ల మీద యూరోపియన్ యూనియన్ చేసిన 2023/1670 నియంత్రణ 2025 జూన్ 20 నుంచి అమల్లోకి వచ్చింది. ఒక మోడల్‌ను మార్కెట్లో పెట్టడం ఆపిన తేదీ నుంచి కనీసం ఐదేళ్లపాటు ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్లను ఎలాంటి రుసుము లేకుండా అందుబాటులో ఉంచాలన్నది అందులోని నిబంధన. దానికి ఒక కంత ఉంది: తయారీదారు అప్‌డేట్లు ఇస్తున్న పక్షంలో అన్న షరతు ఆ వాక్యంలోనే ఉంది. అసలు ఏమీ ఇవ్వని కంపెనీని అది ఎంతవరకు కట్టడి చేస్తుందన్న సందేహం న్యాయంగానే వ్యక్తమైంది. అయినా ఆ నిబంధనలోని రెండు అంశాలు ఎంతో విలువైనవి. అప్‌డేట్‌కు రుసుము ఉండకూడదన్నది ఒకటి, గడువును మోడల్ విడుదలైన రోజు నుంచి కాక అమ్మకం ఆగిన రోజు నుంచి లెక్కించాలన్నది రెండోది.

ఈ రెండో అంశం మీద మన దగ్గర జరగవలసినంత చర్చ జరగలేదు. ఐప్యాడ్ 2ను 2011 మార్చి నుంచి 2014 మార్చి దాకా అమ్మారు, 2016లో ఐఓఎస్ 10 దానికి అందలేదు. తొలి రోజు కొన్నవారికి ఐదున్నరేళ్లు, చివరి రోజు కొన్నవారికి రెండున్నరేళ్లు. ఇద్దరూ కొన్నది కొత్త పెట్టెలోని కొత్త ట్యాబే. మన దేశంలో పండగ ఆఫర్లలో తక్కువ ధరకు దొరికే ట్యాబ్‌లలో విడుదలై ఏళ్లు గడిచినవీ ఉంటాయి. నాలుగేళ్ల సెక్యూరిటీ అప్‌డేట్లు అని ప్రచారం చేసిన ట్యాబ్‌ను విడుదలైన మూడేళ్లకు దసరా ఆఫర్‌లో కొన్నవారికి చేతికి అందేది ఒక్క ఏడాదే. అమెజాన్ తన ఫైర్ ట్యాబ్‌లకు, తమ వెబ్‌సైట్‌లో చివరిసారి కొత్తగా అమ్మిన నాటి నుంచి కనీసం నాలుగేళ్లు భద్రతా సవరణలు ఇస్తామని చెబుతుంది. ఆ కొలమానం కొనుగోలుదారుకు న్యాయమైనది, అది అందరికీ నియమం కావాలి.

భారతదేశంలో 2019 వినియోగదారుల పరిరక్షణ చట్టం ఉత్పత్తి లోపానికి తయారీదారు బాధ్యతను గుర్తించింది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబర్‌లో రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది. కానీ ట్యాబ్‌కు ఎన్నేళ్లు భద్రతా సవరణలు ఇవ్వాలి, ఆ గడువు పెట్టె మీద ముద్రించాలా అన్న విషయంలో యూరప్ తరహా నిబంధన ఏదీ లేదు. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి ఇంటర్నెట్‌కు కలిసే చాలా రకాల వినియోగ వస్తువుల తయారీదారులు భద్రతా అప్‌డేట్ల కనీస గడువును తప్పనిసరిగా ప్రకటించాలి. ఇలాంటి నియమం ఎందుకు అవసరమో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సిబ్బంది 2024 నవంబర్‌లో వెలువరించిన పరిశీలన చూస్తే తెలుస్తుంది: వారు చూసిన 184 స్మార్ట్ ఉత్పత్తుల్లో దాదాపు 89 శాతానికి సాఫ్ట్‌వేర్ మద్దతు ఎంతకాలమో తయారీదారు వెబ్‌సైట్‌లో కనిపించలేదు. న్యాయస్థానాలను ఆశ్రయించినా ముందస్తు చట్టం లేకపోతే ఫలితం అంతంతమాత్రమే. పాత ఫోన్లకు అప్‌డేట్లు ఇవ్వాలని నెదర్లాండ్స్ వినియోగదారుల సంఘం శాంసంగ్ మీద వేసిన దావాను హేగ్ కోర్టు 2018 మేలో తిరస్కరించింది.

వీటన్నిటినీ బట్టి చూస్తే, ప్రకటించిన గడువు లోపల భద్రతా సవరణకు రుసుము అడగడం ఏ రూపంలోనూ సమర్థనీయం కాదు, వ్యక్తిగత సమాచారం రూపంలో అడిగినా సరే. ఆ గడువు ఐదేళ్లకు తగ్గకూడదు, అమ్మకం ఆగిన రోజు నుంచి మొదలవ్వాలి, ధర పక్కనే అంతే పెద్ద అక్షరాలతో కనిపించాలి. అలా చేస్తే ట్యాబ్ ధర కొంత పెరగవచ్చు. పెరిగినా నష్టం లేదు, ఎందుకంటే రెండేళ్లకు మూలన పడే పదివేల ట్యాబ్ కంటే ఆరేళ్లు నిలిచే పన్నెండు వేల ట్యాబ్ చవక, ఆ లెక్క కొనేవారికి కొనే రోజునే కనిపిస్తుంది. గడువు ముగిసిన తర్వాత మాత్రం, ఇంకా వాడుకోదలచినవారికి నామమాత్రపు రుసుముతో పొడిగింపు ఇవ్వడం ఏమీ ఇవ్వకపోవడం కంటే నయం. అయితే దానికి ఒక షరతు ఉండాలి: రుసుము మొదలైన రోజునే బూట్‌లోడర్ తాళం తీయడానికి అధికారిక మార్గం కూడా ఇవ్వాలి. అప్పుడు కంపెనీకి పోటీ ఏర్పడుతుంది, ధర అదుపులో ఉంటుంది, డబ్బు కట్టలేనివారికీ ఒక దారి మిగులుతుంది. 2022లో ప్రపంచవ్యాప్తంగా 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగుపడగా, వాటిలో సక్రమంగా సేకరించి రీసైకిల్ చేసినట్టు నమోదైనది 22.3 శాతమేనన్న ఐక్యరాజ్యసమితి అంచనాను గుర్తుంచుకుంటే, ఈ తాళం తీయడం కంపెనీ దయాదాక్షిణ్యాలకు వదిలేయదగ్గ విషయం కాదు.

చట్టం వచ్చేవరకు ఆగనక్కరలేని పని ఒకటుంది. విడివిడిగా ట్యాబ్ కొనేవారికి బేరమాడే శక్తి లేకపోవచ్చు, కానీ ఒకేసారి లక్షల ట్యాబ్‌లు కొనే రాష్ట్ర ప్రభుత్వాలకు, వేల సంఖ్యలో కొనే విశ్వవిద్యాలయాలకు ఆ శక్తి నిండుగా ఉంది. టెండరు పత్రంలో ర్యామ్, స్టోరేజ్, తెర పరిమాణం, వారంటీతో పాటు, చివరి విడత సరఫరా తేదీ నుంచి ఇన్నేళ్లు, ఇన్ని నెలలకోసారి, అదనపు రుసుము లేకుండా భద్రతా సవరణలు ఇవ్వాలని, ఆపేసిన పక్షంలో డిపాజిట్టులో ఇంత శాతం కోత అని ఒక నిబంధన చేర్చడానికి కొత్త చట్టమేదీ అక్కర్లేదు. పెద్ద ఆర్డరు కోసం ఆ నిబంధనకు ఒప్పుకున్న కంపెనీకి, అదే మోడల్‌ను బజారులో కొన్నవారికి సవరణలు ఇవ్వలేమని చెప్పే వీలుండదు, ఎందుకంటే ఒకసారి తయారైన ప్యాచ్‌ను ఇంకో లక్ష ట్యాబ్‌లకు పంపడానికి దానికి అయ్యే అదనపు ఖర్చు చాలా స్వల్పం.